రొట్టె బూజు మ్యూకరా, రైజోపసా తేలకపోతే

మీరు బూజు నల్లటి తలలను (బీజాల సంచులను) మాత్రమే గీకి స్లైడు మీద పెట్టి ఉంటారు. అందుకే అది ఏ జాతి బూజో, మ్యూకరో రైజోపసో తేలడం లేదు. తేడా అంతా కాడల అడుగున ఉంటుంది.

1. ముందు తంతువులు (బూజు దారాలు) చూడండి. అడ్డుగోడలు వరుసగా కనిపిస్తే అది ఈ రెండూ ఉండే మ్యూకరేలిస్ క్రమమే కాదు. పెనిసిలియమో ఆస్పర్జిల్లసో అయి ఉంటుంది.

2. అందరూ వదిలేసే పని ఇది. బూజు డబ్బా గోడ మీదికి పాకిన చోట సూదితో ఒక కుచ్చును అడుగుతో సహా ఎత్తండి. లాగితే తెగిపోతుంది. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ (బూజుకు నీలిరంగు పట్టించే ద్రావణం) చుక్కలో పరిచి, తక్కువ పెద్దది చేసే కటకంతోనే మొదలుపెట్టండి.
గోధుమరంగు రైజాయిడ్ల (వేర్లలాంటి పోగుల) గుత్తికి సరిగ్గా పైన కాడలు లేస్తే రైజోపస్.
రైజాయిడ్లే లేకపోతే మ్యూకర్.
రెండు గుత్తుల నడుమ నుంచి కాడలు లేచి, తల బేరిపండులా ఉంటే అదే క్రమంలోని మరో బూజు లిక్తీమియా కావచ్చు.

3. కోఠీలో కొన్న మీ పాత పుస్తకంలో ఈ బూజులను చేర్చిన జైగోమైకోటా విభాగాన్ని 2016లో విడదీశారు. ఇప్పుడు మ్యూకరోమైకోటా విభాగం, మ్యూకరేలిస్ క్రమం. రికార్డులో పాతపేరు కూడా పక్కన రాయండి, పరీక్షకులు ఏ పుస్తకం చదివారో ఎవరికి తెలుసు!

జైగోస్పోర్ (లైంగికంగా ఏర్పడే బీజం) దొరకలేదని దిగులు పడకండి. రైజోపస్ స్టోలోనిఫర్‌లో అది ఏర్పడాలంటే అదే జాతిలోని రెండు వేర్వేరు సంయోగ రకాల (+, −) తంతువులు కలవాలి.

ఇంట్లో షుగర్ అదుపులో లేనివారుంటే డబ్బా అక్కడ తెరవకండి. 2021లో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి రోగులను చేర్చిన బ్లాక్ ఫంగస్ ఈ క్రమానిదే.