కృష్ణుడి వేషం ఎవరికివ్వాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి ఊళ్ళోవాళ్ళమే కలిసి రాయబారం పద్యనాటకం వేద్దామనుకున్నాం. ఎక్కువ చందా ఇచ్చిన పెద్దాయన కృష్ణుడి వేషం వాళ్ళబ్బాయికే ఇమ్మంటున్నారు, ద్రౌపదికేమో ఎవరూ దొరకట్లేదు. టెన్షన్‌గా ఉందండి, ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ అబ్బాయి చేత అందరూ ఉండగా హార్మోనియం మీద ఒక పద్యం పాడించండి. మన గోదావరి జిల్లాల్లో పద్యం వినే చెవులు ఇంకా ఉన్నాయి కాబట్టి శ్రుతి తప్పితే మీరు నోరు విప్పక్కర్లేదు, అరుగు మీద కూర్చున్న తాతగారే తేల్చేస్తారు. అప్పుడు నకులుడి వేషం ఇవ్వండి. కిరీటం ఉంటుంది, పద్యాల బాధ తక్కువ, ఫొటోలూ బాగా వస్తాయి. పెద్దాయన పేరు కరపత్రంలో పెద్దక్షరాల్లో వేయించండి, సరిపోతుంది.

ద్రౌపది సంగతంటారా, అర్ధరాత్రి దాకా రిహార్సల్స్ పెట్టి ఆడవాళ్ళు రావట్లేదంటే ఎలాగండీ? సాయంత్రం 5 గంటలకి మార్చి, డ్వాక్రా సంఘాల్లో, భజన బృందాల్లో పాడేవాళ్ళని అడిగి చూడండి. అప్పటికీ కుదరకపోతే మగవాళ్ళే వెయ్యొచ్చు, స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు కదా. నవ్వులాటకి మాత్రం వేయించకండి, ద్రౌపది ఘట్టం రక్తి కట్టదు.

నాటకం ముక్కనుమ రాత్రికి పెట్టుకోండి, భోగి నుంచి కనుమ దాకా మీ భీముడూ దుర్యోధనుడూ కోడిపందేల బరి దగ్గరే ఉంటారు. హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చే వాళ్ళకి భటుల వేషాలు చాలు, బస్సు టికెట్ దొరకలేదని ఆఖరి నిమిషంలో ఫోన్ చేసేది వాళ్ళే.