ఉత్తరం మీది తేదీ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. శ్రీలంకలో శాంతిసేన జవాను, సికింద్రాబాద్ దగ్గరి అల్వాల్‌లో అతని భార్య, మధ్యలో ఉత్తరాలు. మంచి విషయమే పట్టుకున్నావు. 1987 జులైలో భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరాక వెళ్ళిన మన సైన్యం 1990 మార్చిలో గానీ పూర్తిగా తిరిగి రాలేదు. దాదాపు 1,200 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. వాళ్ళ ఇళ్ళ గురించి నేను చదివిన కథలు తక్కువే.

ముందు ఒక చిన్న పేచీ. నీ జవాను జాఫ్నా నుంచి వారం వారం ఇంటికి ఫోన్ చేస్తున్నాడు! అల్వాల్‌లో సందు చివర ఎస్టీడీ బూత్ ఉంటే ఉండొచ్చు, కందకంలో ఉన్నవాడికి ఏం లాభం? ఆ ఫోన్లన్నీ కొట్టెయ్. నీ కథకు బలం అక్కడినుంచే వస్తుంది.

ఆమె కవరు మీద ఏం రాస్తుందో ఆలోచించు. నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. కొన్ని యూనిట్లకైతే 99 ఏపీవో. ఊరు పేరు ఉండదు. మొగుడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియకుండానే నెలల తరబడి రాస్తుంది. 1987 అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం దగ్గర హెలికాప్టర్లలో దిగిన మనవాళ్ళు చాలామంది చనిపోయారు. జాఫ్నాలో తమిళ పులులతో పోరు సాగుతోందని ఆమె రేడియోలో విన్నాక, ఒక మధ్యాహ్నం ఉత్తరం వచ్చిందనుకో. ‘నేను క్షేమం’ అని ఉంది. ఆమె కళ్ళు ముందు తేదీ మీదికి పోతాయి. అక్టోబర్ 4. అంటే ఆ రోజుకి క్షేమం. తర్వాత సంగతి? అత్తగారు సంతోషంతో దేవుడి దగ్గర దీపం పెడుతుంటే, ఈమె మాత్రం ఆ తేదీ సంగతి ఎత్తదు. నీ కథలో ఒక్క ఉత్తరం మీదా తేదీ లేదు తమ్ముడూ. ఇద్దరూ వసారాలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ప్రశ్న వెంటనే జవాబు. ‘పిల్లాడికి జ్వరం తగ్గిందా’ అని అతను అడిగింది చేరేసరికి వాడు బడికి పోతుంటాడు, ఇంట్లో ఇంకెవరో మంచం పట్టి ఉంటారు. ఆ సంగతి ఆమె రాయదు కూడా. అక్కడున్నవాడికి టెన్షన్ దేనికని.

ఇక ఆ మూడు పేజీల ప్రేమలేఖ. బాగా రాశావు, కానీ అతను రాయడు. జవాను ఉత్తరం రాసేటప్పుడు ఇంకెవరో చదువుతారని తెలిసే రాస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కి వెళ్ళిన మన సిపాయిల ఉత్తరాలు సెన్సార్ చేతులు దాటాకే ఇంటికి వచ్చేవి. అందుకే కొందరు నల్ల మిరియాలు అంటే మనవాళ్ళు, ఎర్ర మిరప అంటే తెల్ల సిపాయిలు అన్నట్టు రాసుకునేవారు. సెన్సార్ వాళ్ళు అదీ కనిపెట్టారనుకో. నీ కథలో ఇంటి దగ్గరా ఒక సెన్సార్ ఉంది. చదువురాని అత్తగారి కోసం ఉత్తరం అందరి ముందూ పైకి చదవాలి. అందరూ వినే ఉత్తరంలో భార్యకి ఏం రాస్తాడు? ‘రాత్రిళ్ళు తలుపు గడియ సరిగ్గా వేసుకోమను’ అని అమ్మకి రాస్తాడు. అంతే. ఆ వాక్యం చదివేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో చూడు, నీకు మూడు పేజీలు అక్కర్లేదు. అప్పటి మనియార్డర్ ఫారం కింద రెండు ముక్కలు రాసే చోటు ఉండేది, దాన్నీ వాడుకో.

సైనిక్‌పురి, యాప్రాల్ వైపు రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు. వెళ్ళి కూర్చో. యుద్ధం గురించి అడిగితే పై అధికారుల మాటలే అప్పజెబుతారు. పక్కనున్న ఇల్లాలిని అడుగు, ఉత్తరాలు ఎవరు చదివేవారు, పోస్ట్‌మ్యాన్ ఎన్నింటికి వచ్చేవాడు, రాని రోజు ఏం చేసేవారు అని. ఆ పాత ఉత్తరాలు చూపించమని మాత్రం మొదటిరోజే అడక్కు.

చివర్లో అతను చనిపోవడం నాకు నచ్చలేదు. కథ తెగకపోతే చంపేయడం మనందరికీ అలవాటే. ముందు తేదీలు వేసి రాయి, ముగింపు సంగతి తర్వాత చూద్దాం. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చేసి రా.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య