అల్గారిథమ్‌లను బొమ్మల్లో చూపిస్తే విద్యార్థులకు నిజంగా అర్థమవుతాయా?

అర్థమవుతాయి, అయితే విద్యార్థి తెరవైపు చూస్తూ ఊరికే కూర్చుంటే ఫలితం తక్కువే. 2002లో హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అనే పరిశోధకులు 24 ప్రయోగాలను కలిపి పరిశీలించి, తెరపై ఏం కనిపిస్తోందన్న దానికంటే విద్యార్థి దానితో ఏం చేస్తున్నాడన్నదే ముఖ్యమని తేల్చారు.

పక్కపక్కనున్న అంకెలను పోల్చి, ముందున్నది పెద్దదైతే చోట్లు మారుస్తూ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుస సర్దే బబుల్ సార్ట్ చెప్పేటప్పుడు 5, 1, 4, 2 అని బోర్డు మీద రాసి, యానిమేషన్ నడపకముందే, మొదటి విడత (వరుస మొదలు నుంచి చివరిదాకా ఒకసారి పోల్చడం) పూర్తయ్యాక వరుస ఎలా ఉంటుందో నోటుపుస్తకంలో రాయమనండి. కొందరు తొందరపడి 1, 2, 4, 5 అని రాసేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్క అడుగే నడిపిస్తే, 5 పక్కనున్న ప్రతి అంకెతోనూ చోటు మార్చుకుంటూ చివరికి చేరడం, వరుస 1, 4, 2, 5 దగ్గర ఆగడం కళ్లారా చూసి, ఒక విడతలో తన చోటికి తప్పక చేరేది అన్నిటికన్నా పెద్ద అంకె ఒక్కటేనని వారే గ్రహిస్తారు. తాము రాసింది ఎక్కడ తప్పిందో తెలిసే ఆ క్షణమే, నా దృష్టిలో, పాఠం మొత్తంలో విలువైనది.

సార్టింగ్‌కు (వరుస సర్దడానికి), ట్రీలకు (సమాచారాన్ని కొమ్మల్లా అమర్చే పద్ధతికి) సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో రూపొందిన విజుఆల్గో అనే వెబ్‌సైట్, రికర్షన్‌కు (ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడానికి) ప్రోగ్రామ్‌ను అడుగడుగునా చూపే పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైట్ బాగా పనికొస్తాయి. కంప్యూటర్లు చాలని తరగతిలో, అంకెలు రాసిన చీటీలు చేతికిచ్చి విద్యార్థులనే వరుసలో నిలబెట్టవచ్చు.