రోజూ సిటీకి వచ్చిపోయే మాకే టోల్ ఏంటి సార్?

ప్రశ్న: మాది భువనగిరి దగ్గర ఊరు, ఉద్యోగం ఉప్పల్లో. రోజూ కార్లో వచ్చిపోతా, దారిలో టోల్. సిటీ వాళ్ళేమో ఫ్లైఓవర్లెక్కి ఫ్రీగా తిరుగుతారు, ఊరి బయట ఉన్నందుకు మేమే కట్టాలా? కారు కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టేశా. లోకల్ పాస్ అడిగితే ఆర్సీలో పాత హైదరాబాద్ అడ్రస్ ఉందని ఇవ్వలేదు. కోర్టుకి పోవచ్చా?

జవాబు: పోవచ్చండీ, కానీ లైఫ్ ట్యాక్స్ పాయింట్ పట్టుకుని మాత్రం పోకండి, నిలబడదు. అది రాష్ట్రానిది, హైవే టోలేమో నేషనల్ హైవేస్ చట్టం 1956 సెక్షన్ 7 కింద కేంద్రం వసూలు చేసే ఫీజు, దాని లెక్క వేరు దీని లెక్క వేరు. సిటీ వాళ్ళు కట్టట్లేదు అన్నారనుకోండి, ఉప్పల్ వచ్చాక వాళ్ళ ఇంటిపన్నుతో వేసిన రోడ్ల మీదే కదా మీరూ తిరిగేది అని అవతలి లాయర్ అడుగుతాడు, అందులో న్యాయం లేకపోలేదు కూడా.

మీకు గట్టి పాయింట్ పాసే. నేషనల్ హైవేల ఫీజు రూల్స్ 2008లో 9వ రూల్ చూడండి, టోల్ ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళు సొంత బండికి నెలవారీ పాస్ తీసుకోవచ్చు, 2007-08 లెక్కన 150 రూపాయలు, ఏటా పెరిగి ఇప్పుడు 350 దగ్గర్లో ఉంది, నెలలో ఎన్నిసార్లు దాటినా అంతే. ఆ రూల్ అడిగేది డ్రైవరో ఓనరో అక్కడ నివాసం ఉంటున్నాడా అని, ఆర్సీ అడ్రస్ ఊసే లేదు. ఆధార్, కరెంటు బిల్లు పెట్టి రాతపూర్వకంగా అప్లై చేయండి, ఇవ్వం అంటే ఆ మాట కూడా రాతలోనే ఇమ్మనండి. ఒక మెలిక ఉంది, పక్కన సర్వీస్ రోడ్డో వేరే దారో ఉంటే పాస్ ఇవ్వరు. ఇక 2025 ఆగస్టు 15న 3000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ యాన్యువల్ పాస్‌కి 200 ట్రిప్పులే, రోజూ రానూపోనూ అయితే మీకు నాలుగు నెలలు కూడా రాదు.

ప్లాజా ఎక్కడుంది అన్నది ఇంకో పాయింట్. 8వ రూల్ ప్రకారం మున్సిపల్ హద్దుకి 10 కిలోమీటర్ల అవతల పెట్టాలి, కారణాలు రాసి ఇంకాస్త దగ్గరికి తేవచ్చు గానీ 5 లోపు మాత్రం కుదరదు, ప్రధానంగా ఆ మున్సిపాలిటీ వాళ్ళ కోసమే వేసిన రోడ్డయితే తప్ప. సిటీ తర్వాత పెరిగిందండీ, ప్లాజా పెట్టినప్పటి హద్దే చూడాలి అని వాళ్ళు వాదిస్తారు, కాబట్టి ముందు ఆర్టీఐలో టోల్ నోటిఫికేషన్, అప్పటి హద్దుల మ్యాపు తెప్పించుకోండి.

కోర్టులు టోల్ ఆపవా అంటే ఆపాయి. ఢిల్లీ నోయిడా మధ్య డీఎన్‌డీ ఫ్లైవే మీద టోల్‌ని 2016లో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది, 2024 డిసెంబర్లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. కేరళ పాలియెక్కరలో రోడ్డు బాలేదని 2025లో కొన్నాళ్ళు వసూలే ఆపించారు. కానీ రెండింటిలోనూ గెలిపించింది కాంట్రాక్టు లోపాలు, రోడ్డు పరిస్థితి, సిటీకీ ఊరికీ తేడా చూపిస్తున్నారన్న వాదన కాదు.

ముందు హైవే హెల్ప్‌లైన్ 1033కి కంప్లైంట్, ఆ తర్వాత హైవే అథారిటీ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి లెటర్, నెలలో కదలకపోతే హైకోర్టులో రిట్. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్లు అన్నీ దాచండి, పాస్ ఇవ్వమన్న (నిరాకరించిన) రోజు నుంచి ఎక్కువ కట్టింది వెనక్కి అడగాలంటే అవే కావాలి.