పసరు పోయించే ముందు రిపోర్టు మళ్లీ చదవండి

మీ అమ్మగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి, స్కానింగ్‌లో పైత్యరసం పేగులోకి దిగే నాళంలో రాయి కనపడలేదు కాబట్టి పసరు పోయిద్దామా అని అడిగారు. వద్దండీ. మూడేళ్ల కింద మా అమ్మకు మేం అదే చేశాం.

మాది హన్మకొండ దగ్గర పల్లె. అన్నం తిన్న గంటకు అమ్మకు కుడి డొక్క పైన నొప్పి లేచి వీపు దాకా పాకేది. గ్యాస్ అనుకుని గోలీలు వేసుకునేది. కళ్లు పచ్చబడగానే ఊళ్లో అందరూ పసిరికలే (కామెర్లే) అన్నారు. మూడు పొద్దులు పసరు తాగించి, చప్పిడి పత్యం పెట్టాం. పది రోజులు అట్లనే పోయాయి.

రాత్రుళ్లు ఒళ్లంతా దురద. దువ్వెనతో గీరుకుంటే చేతుల మీద ఎర్రటి చారలు తేలేవి. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. దొడ్డికి మాత్రం సుద్దమట్టిలా తెల్లగా వస్తోందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. వరంగల్‌లో చూసిన డాక్టర్ మొదట అడిగింది అదే. మలానికి రంగు వచ్చేది పైత్యరసం వల్లనే. దారి మూసుకుపోతే అది పేగులోకి దిగదు, ఆ పసుపంతా రక్తంలోకీ మూత్రంలోకీ మళ్లుతుంది.

రక్తపరీక్షలో ఆ పసుపు పదార్థం, బిలిరుబిన్, 9.4 ఉంది; అందులో నాళం మూసుకుపోతే పెరిగే 'డైరెక్ట్' రకమే 7.6. మా మొదటి స్కానింగ్ రిపోర్టులో 'సీబీడీ (అంటే ఆ పైత్యనాళమే) కింది భాగం గ్యాస్ వల్ల కనపడలేదు' అని రాసి ఉంది. కనపడలేదంటే రాయి లేదనే అనుకున్నాం. కడుపు స్కానింగ్‌కు పేగుల్లోని గాలి అడ్డమొస్తుంది, నాళం చివర రాయి తప్పిపోవడం మామూలేనట. ఎంఆర్‌సీపీ, అంటే పైత్యనాళాలను చూసే ఎంఆర్‌ఐ స్కాన్, తీస్తే నాళం 12 మి.మీ.కు ఉబ్బి, కొసన రాయి ఇరుక్కుని ఉంది.

ఈఆర్‌సీపీలో నోట్లోంచి ట్యూబు పంపి, నాళం మూతి కొద్దిగా కోసి, తీగబుట్టతో రాయిని లాగారు. దానివల్ల ప్యాంక్రియాస్ వాచే అవకాశం ఉందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు, మాకు చాలా టెన్షన్ అయింది. అమ్మకు అలాంటిదేం కాలేదు. నాలుగు రోజులకు లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ కూడా తీశారు, ఉంచితే మళ్లీ రాళ్లు జారతాయని.

చలిజ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. నాళంలో చీము పడితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం లేకపోయినా రేపే గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించి, ఎంఆర్‌సీపీ సంగతి అడగండి. ఈలోగా అమ్మను పక్కకు పిలిచి దొడ్డికి ఏ రంగులో వస్తోందో కనుక్కోండి. అడగందే చెప్పరు.