సుల్తానా ఉత్తరం కొనండి, కానీ ఐఆర్‌ఏ డబ్బుతో వద్దు

ప్రశ్న: మెంఫిస్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 38. పాత స్టీమర్ ప్రమాదాల తాలూకు కాగితాలు సేకరిస్తుంటాను. సుల్తానా అనే స్టీమర్ నుంచి బతికి బయటపడ్డ ఒక సైనికుడు ఇంటికి రాసిన ఉత్తరం వేలానికి వస్తోంది. ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోంచి 10 వేల డాలర్లు తీసి కొంటే, పదేళ్ల తర్వాత పాప చదువుకు అక్కరకొస్తుందా?

జవాబు: ఆ ఉత్తరం మీద మనసు పడటంలో వింతేమీ లేదండీ. 1865 ఏప్రిల్ 27న, తెల్లవారకముందే, మీ ఊరికి కాస్త ఎగువన మిసిసిపీ నదిలో సుల్తానా బాయిలర్లు పేలాయి. 376 మందికే అనుమతి ఉన్న స్టీమర్‌లో రెండు వేల మందికి పైగా ఎక్కించారు. ఎక్కువమంది అమెరికా అంతర్యుద్ధంలో శత్రువులకు చిక్కి, చెర నుంచి విడుదలై ఇంటిదారి పట్టిన సైనికులే. 1,100 మందికి పైగా పోయారు. ముందురోజు హెలీనా రేవులో తీసిన ఫొటో చూడండి, పై అంతస్తులో కూడా కాలు పెట్టే చోటు లేదు. ఆ గుంపులో నిలబడ్డ ఒకడి చేతిరాత అంటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది.

అయినా పాప చదువుకు దాన్ని నమ్ముకోవద్దు. పాట 8,000 డాలర్ల దగ్గర ఆగిందనుకుందాం. బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునేది, 25 శాతం కలిపితే మీరు కట్టేది 10,000. రేపు అమ్మేటప్పుడు 15 శాతం కమీషన్ పోతుందనుకుంటే, ఆ పదివేలు తిరిగి చేతికి రావాలన్నా పాట 11,765 దాకా పోవాలి. అంటే ధర 47 శాతం పెరిగితే గానీ అసలు రాదు, వడ్డీ మాట దేవుడెరుగు. పైగా లాభం వస్తే, ఇలాంటి సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది. ఏడాది దాటిన షేర్ల మీద గరిష్ఠంగా 20 శాతమే.

ఐఆర్‌ఏ జోలికి అసలు వెళ్లొద్దు. మామూలు ఐఆర్‌ఏ అయితే మీ వయసులో డబ్బు తీస్తే ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. ఐఆర్‌ఏ ఖాతా పేరు మీదే కొన్నా, డబ్బు బయటికి తీసినట్టే లెక్క.

ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండి, పాప 529 ఖాతాలో (చదువు కోసం దాచే ఖాతా) నెలనెలా డబ్బు పడుతుంటే, ఈ ఏడాది బోనస్‌తో నిశ్చింతగా పాడండి. ప్రీమియం కలుపుకుని మీ గరిష్ఠ ధర ముందే కాగితం మీద రాసుకోండి. సైనికుడి పేరు, రెజిమెంట్ నేషనల్ ఆర్కైవ్స్ పెన్షన్ ఫైళ్లతో సరిపోతున్నాయేమో చూడండి. ఉత్తరం ఎవరెవరి చేతులు మారిందో ఆధారాలు అడగండి, అవి లేకపోతే ఆగిపోండి. కొన్నాక ఇంటి బీమాలో దాన్ని విడిగా రాయించి, ఎండ తగలని చోట పెట్టుకోండి.