బండి కడిగే ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చారు, కిరాయిలు లేవు, పికప్ ఇంటి ముందే ఉందని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వేమో మెరుపు పాలిష్ డబ్బాలు తెచ్చి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో పైపు పట్టుకుని నిలబడ్డావట. ఎండదెబ్బ తగులుతుందని మీ అమ్మ బాధ. నా బాధ బండి గురించి కూడా. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోలే పగిలే ఎండలో రేకు సంగతి చెప్పేదేముంది! ముదురు రంగు బానెట్టు ఎండలో 70 డిగ్రీలు దాటడం మామూలే. నీది తెల్ల బండి, కాస్త నయం, అయినా మధ్యాహ్నం అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టలేవు. అదే నా కొలత. చెయ్యి హాయిగా ఆగితేనే నీళ్ళు పొయ్యి. ఆగకపోతే పైపు చుట్టి లోపల పెట్టి, అన్నం తిని పడుకో.

ఎందుకంటే మన కాళ్ళ కింద ఉన్నదంతా సున్నపురాయి. మాచర్ల నుంచి దాచేపల్లి దాకా సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టింది ఆ రాయి కోసమే. మన బోరు నీళ్ళు ఆ రాయిలోంచి వచ్చేవే, కాల్షియం, మెగ్నీషియం నిండా ఉంటాయి. మీ అమ్మ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది చూడు, అదే. కాలుతున్న రేకు మీద చుక్క పడితే నీరు ఆవిరైపోతుంది, గార మిగిలిపోతుంది. అదీ చుక్క అంచున ఉంగరంలా పేరుకుంటుంది. ఆ ఉంగరాల మీద రోజూ ఎండ కాస్తే అవి రంగులోకి దిగుతాయి. తర్వాత ఎంత తుడిచినా పోవు.

ఇదంతా నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. నా మొదటి బండి ముదురు నీలం. ఓ మే నెలలో కిరాయి నుంచి వస్తూనే ఇంజను వేడి దిగకముందే బట్టల సబ్బుపొడి కలిపి కడిగేశాను. అరగంటలో బానెట్టంతా ముగ్గు చుక్కలు పెట్టినట్టయింది. అక్కడితో ఆగానా? ఎవడో చెప్పాడని బాత్రూం కడిగే యాసిడ్ గుడ్డకు రాసి రుద్దాను. చుక్కలతో పాటు మెరుపూ పోయింది. బంపరు క్రోమ్ నల్లబడింది. ఆ బండి అమ్మేసేదాకా బానెట్టు మీద ఆ మచ్చ అట్లాగే ఉంది. మీ అత్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు రోజు సాయంత్రమే బండిని రేకుల షెడ్డు కింద పెట్టు. వేపచెట్టు కింద వద్దు. నీడ చల్లనే, కానీ తెల్లారేసరికి కాకులు బానెట్టు నిండా రెట్ట వేస్తాయి, ఎండకి అది రంగును తినేస్తుంది. రెట్ట కనిపిస్తే గోటితో గీకవద్దు. తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు నాననిచ్చి, ఎత్తి తీసెయ్యి.

పొద్దున 4.45కి లేస్తే చాలు. ఈ రోజుల్లో 5.40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, 7 గంటల లోపు కడగడం, తుడవడం అయిపోవాలి. సాయంత్రం చేద్దామంటే పొద్దు గూకిన తర్వాత కూడా రేకు గంటసేపు వేడి వదలదు, పైగా దీపం వెలుతురులో మరకలు కనపడవు.

మొదట వెనక బాడీ. డోరు దించి, మూలల్లో, డోరు కీళ్ళల్లో చూడు. సీజనంతా మిర్చి బస్తాలు మోశావు, అక్కడ గింజలు, తొక్కలు, ఎర్రటి పొడి అంగుళం మందాన పేరుకుని ఉంటాయి. నీళ్ళు ఫోర్సుగా కొట్టావో, ఆ ఘాటు పొగలా లేచి ముక్కులో మంట, కళ్ళల్లో మంట, పది తుమ్ములు. నేను ఓసారి ఆ తుమ్ముల్లోనే బకెట్ తన్నేశాను. ముందు మూతికి తువ్వాలు చుట్టుకుని, గాలివాటం చూసుకుని నిలబడి, చీపురుతో ఊడ్చి ఎత్తెయ్యి. ఆ తర్వాత నీళ్ళు. ఎరువుల బస్తాలు వేసిన బండి కదా, కారిన యూరియా, డీఏపీ చెమ్మ పీల్చుకుని రేకును తింటాయి. ముందుపక్క పైకి ఉండేట్టు బండిని వాలులో పెట్టి కడిగితే నీళ్ళు వెనక్కి పోతాయి. తాడు కొక్కేల దగ్గర రంగు లేచిపోయి ఎర్రగా తుప్పు కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది, తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ రాసి, పైన రంగు వెయ్యి. రంగు సంగతి వేరే రోజు పెట్టుకో.

తర్వాత చక్రాలు, వాటి పైనుండే గూళ్ళు, కమాన్ పట్టీలు. వీటికి వేరే బ్రష్, వేరే బకెట్. అక్కడి ఇసుక బానెట్టు గుడ్డకు అంటిందంటే గీతలే గీతలు.

ఇప్పుడు క్యాబిన్. పొడిగుడ్డతో దులపడం నీకు అలవాటు, ఇవాళ్టితో మానెయ్యి. దాచేపల్లి రోడ్డు మీద తిరిగే బండి మీద ఉండేది సిమెంటు ధూళి. పొడిగా తుడిస్తే గరుకు కాగితంతో తోమినట్టే. కొంచెం తడిపి వదిలేస్తే గట్టిపడుతుంది. అందుకని పైనుంచి కిందికి నీళ్ళు ధారాళంగా వదిలి ధూళి మొత్తం జార్చెయ్యి. ఆ తర్వాతే షాంపూ. బట్టల సబ్బు, గిన్నెల లిక్విడ్ వద్దు, రంగు మీద కాపుగా ఉన్న మైనం పూత కాస్తా ఊడ్చేస్తాయి. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. గుడ్డ ప్రతిసారీ ఉత్త నీళ్ళలో జాడించాకే షాంపూలో ముంచాలి. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు కొనుక్కో. మా రోజుల్లో పాత బనియన్లే దిక్కు, అందుకే మా బండ్లన్నీ ఎండలో సన్న గీతలతో సాలెగూడు పట్టినట్టుండేవి.

బండి మొత్తం నురగ పెట్టి ఆ తర్వాత కడుగుదామనుకోకు. టాప్ రుద్దితే టాప్ కడుగు. తర్వాత బానెట్టు. తర్వాత ఒక్కో తలుపు. ఇంకో పక్క చేసేటప్పుడు అయిపోయిన పక్క మీద మధ్యమధ్యలో నీళ్ళు చల్లుతుండు, ఆరనివ్వద్దు. చివర పైపుకి ఉన్న నాజిల్ పీకేసి, ధార మెల్లగా వదులు. నీళ్ళు దుప్పటిలా జారిపోతాయి, చుక్కలు తక్కువ మిగులుతాయి. అద్దాలకూ బానెట్టుకూ ఆఖరి తడుపు ఏసీ పైపులోంచి కారే నీళ్ళతో చేస్తాను నేను. గాలిలోని తేమ చల్లబడి వచ్చిన నీళ్ళవి, అందులో గార ఉండదు. మీ ఇంట్లో రాత్రికి ఓ బకెట్టయినా వస్తాయి, పారబోస్తున్నారు. వెంటనే తుడిచెయ్యి. అద్దంలో రాయి తగిలిన గాటు ఉందన్నావు కదా, కాలే అద్దం మీద చన్నీళ్ళు మాత్రం ఎప్పుడూ కొట్టకు, గాటు పగులై పాకుతుంది.

ఇప్పటికే పడిన మరకలకి తెల్ల వెనిగర్, దానికి సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం ఆనించు. తర్వాత బాగా కడిగెయ్యి. దానికి పోకపోతే ఆగిపో, నాలాగా యాసిడ్ దాకా వెళ్ళకు.

పూజ కుంకుమ మాట. దసరాకి బానెట్టు మీద నేరుగా బొట్లు పెట్టారు, అక్కడ గులాబీ రంగు మచ్చ పడింది. పసుపు మరక ఎండకి తనంతట తనే వెలిసిపోతుంది. బజారు కుంకుమలో కలిపిన రంగు అంత తేలిగ్గా పోదు. బంపరుకి కట్టిన నిమ్మకాయలు కూడా కుళ్ళి కారకముందే మార్చు. ఈసారి బొట్టు నంబరు ప్లేటుకి పెట్టమని మీ అమ్మతో నేను చెబుతాలే, నువ్వు చెబితే తిట్లు తింటావు.

తుడిచాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్టు మీద మెల్లగా నిమురు. ఇసుక కాగితంలా గరగరలాడితే క్లే పట్టాలి, అంటే రంగుకి అంటుకున్న గరుకును లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. ఎండాకాలం క్లే మెత్తబడి అంటుకుంటుంది, చన్నీళ్ళ గిన్నెలో వేసుకుంటూ వాడు. నేలమీద పడితే ఎంత డబ్బు పెట్టి కొన్నా సరే, పారెయ్యి. ఆ తర్వాత మైనం, అంటే నువ్వు తెచ్చిన పాలిష్ డబ్బాల్లో వ్యాక్స్ అని రాసి ఉన్నది. కార్నాబా రకమైతే బ్రెజిల్లో ఓ తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసేది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, మన ఎండకి నిలుస్తుంది. కానీ పూసేటప్పుడు మాత్రం నీడ, చల్లటి రేకు ఉండాలి. కనపడీ కనపడనంత పల్చగా పూసి, తెల్లబడగానే తుడువు. నల్ల ప్లాస్టిక్ బంపరుకి అంటనివ్వకు, తెల్ల చారలు పడతాయి. టైర్లకి డీజిల్ పూసి నల్లగా చేస్తారు కొందరు, రబ్బరు పాడవుతుంది.

ఆదివారం తెల్లవారుజామున నేనే వస్తాను. క్లే, గుడ్డలు నా దగ్గరున్నాయి. నువ్వు శనివారం రాత్రి ఏసీ కింద బకెట్ పెట్టడం మర్చిపోకు. డోరు కీళ్ళు మాత్రం నేను వచ్చేలోపు ఊడ్చి పెట్టు, ఆ తుమ్ములు నా వల్ల కాదు.

ఇట్లు,
మీ మావయ్య